1,72,500 రూపాయల కాగితం: ఇంట్లో ఎవరి పళ్లు ముందు?

తిరుపతి జీవకోన నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దని కోరారు. ఆమె వయసు 36. టౌన్‌లో ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పనిచేస్తారు. జీతం 14,000. భర్త తిరుమల కొండకు ట్యాక్సీ నడుపుతారు. బండి సొంతం కాదు. ఓనర్‌కు రోజు బాడుగ కట్టాక ఒక నెల 16 వేలు మిగిలితే, ఒక నెల 20 వేలు మిగులుతాయి. ఇంట్లో 66 ఏళ్ల అత్తగారు, నాలుగో తరగతి చదివే తొమ్మిదేళ్ల పాప ఉన్నారు.

వైకుంఠ ఏకాదశి రద్దీ రోజుల్లో ఆయనకు కుడివైపు కింది దవడ వాచిపోయింది. అప్పటికి ఆరు నెలలుగా మెడికల్ షాపు బిళ్లలతో ఆ పన్నును నెట్టుకొస్తున్నారు. ఇక తట్టుకోలేక దగ్గర్లో ఉన్న ఒక పళ్ల క్లినిక్‌కు వెళ్లారు. ఎలాగూ వచ్చాం కదా అని పాపనూ అత్తగారినీ కూడా చూపించారు. బయటికి వచ్చేసరికి చేతిలో ఒక ప్రింట్ కాగితం ఉంది. ఆయనకు ఒక రూట్ కెనాల్ (పన్ను లోపలి నరం తీసేసి పూడ్చడం), దానిమీద జిర్కోనియా అనే తెల్లటి గట్టి పదార్థంతో చేసిన క్యాప్, రెండూ కలిపి 13,500. ఎడమవైపు చిట్టచివరి పన్ను తీసేసి, అక్కడ ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ దించి దానిమీద పెట్టే పన్ను, వేయడానికి 30,000. అత్తగారికి మిగిలిన ఏడు పళ్లూ కదులుతున్నాయి కాబట్టి తీసేసి, కింద నాలుగు ఇంప్లాంట్ల మీద కట్టుడు పళ్ల సెట్టు, పైన మామూలు సెట్టు పెట్టడానికి 1,20,000. పాపకు రెండు పాల దవడ పళ్లకు ట్రీట్‌మెంట్, క్యాపులు 9,000. మొత్తం 1,72,500.

"ఆ కాగితం నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. షాపులో చీర మడత పెడుతూ కూడా అదే లెక్క తిరుగుతుంది బుర్రలో" అని రాశారామె. ఆయన మాత్రం తెలిసిన మనిషి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి అమ్మ పళ్లు ముందు కట్టించాలంటున్నారు. కూలి పనికి పోయి పెంచిన తల్లి. ఆయన మాటకు అడ్డు చెప్పడానికి ఈమెకు నోరు రావడం లేదు. ఆడబిడ్డ చెన్నై నుంచి ఫోన్ చేసి "అమ్మకు చేయించకపోతే నలుగురూ ఏమనుకుంటారు" అంటుంది. అత్తగారు "కాటికి కాలు చాపుకున్నదాన్ని, నాకెందుకు పళ్లు" అంటారు. ఇవి కాక జూన్‌లో పాప స్కూల్ ఫీజు కోసం షాపు అమ్మాయిలతో కలిసి కడుతున్న 50,000 చీటీ ఒకటుంది. తల్లి పెట్టిన మూడు సవర్ల చైను ఒకటుంది. దాన్నీ కుదువ పెడదామంటున్నారట.

ఉత్తరం చివర మూడు ప్రశ్నలు అడిగారు. అప్పు చేయాలా? ఎవరికి ముందు చేయించాలి? ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఉపయోగం ఉంటుందా? ఆ తర్వాత, సంతకం చేయాల్సిన చోట, ఈ మాట ఉంది: "అత్త పళ్ల దగ్గర లెక్కలు చూసే కోడలిని అయిపోయానా అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, ముందు ఆ చివరి మాటకే జవాబు చెబుతాను. ఇంట్లో లెక్క చూసే మనిషి ఒకరు ఉండబట్టే ఈ ఇల్లు ఇంతవరకు వడ్డీ మనిషి గడప తొక్కలేదు. లెక్క చూడటం ప్రేమ లేకపోవడం కాదు. మీరు అత్తగారి గురించి రాసిన పేజీ నేను రెండుసార్లు చదివాను. ఆకు వక్క దంచుకునే చిన్న ఇనుప రోట్లోనే ఆమె వేయించిన చెనక్కాయలు పొడి చేసుకుని, ఎవరూ చూడకుండా వేలితో అద్దుకుని తింటారని రాశారు. మొన్న మీ బంధువుల పెళ్లిలో అందరూ లేచిపోయాక చివరి బంతిలో కూర్చున్నారని రాశారు. ఇవి కనిపెట్టింది మీరు. నలుగురూ ఏమనుకుంటారో అన్న ఫోన్‌లో ఈ చెనక్కాయల సంగతి లేదు.

ఇప్పుడు ఆ కాగితం బయటికి తీసి, ఒక పెన్ను పట్టుకోండి. దాన్ని మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి విడదీసి చూడండి. ఆయన రూట్ కెనాల్, క్యాప్ 13,500. పాపకు 9,000. రెండూ కలిపితే 22,500. మిగిలిన 1,50,000 ఏమిటి? ఆయన ఇంప్లాంట్ 30,000, అత్తగారి ఇంప్లాంట్లు, సెట్టు 1,20,000. అంటే మీ ఆయన తెస్తానంటున్న లక్షన్నర అప్పు మొత్తం పోయిన పళ్ల స్థానంలో కొత్తవి పెట్టడానికే. చీము, పుచ్చు, నొప్పి ఉన్న పని విలువ, అదే క్లినిక్‌లో, అదే రేటుకు చేయించినా 22,500. ఈ రెండు పనుల తొందర ఒకటి కాదు. ఒకే కాగితం మీద, ఒకే టోటల్ కింద ఉండేసరికి రెండూ ఒకటే అనిపించి మీకు గుండె జారింది.

క్లినిక్ వాళ్లు మోసం చేశారని నేను అనడం లేదు. డాక్టర్ తన వంతుగా నోరు మొత్తం చూసి, అన్నిటికన్నా మంచి వైద్యం ఏదో అది రాస్తారు. ఏది ఈ వారం కావాలి, ఏది ఏడాది ఆగొచ్చు, ఇంతకంటే తక్కువలో ఇంకో దారి ఉందా అన్నది మనం అడగాలి. అడిగితే చాలామంది డాక్టర్లు విసుక్కోకుండా చెబుతారు. మనమే, చదువుకున్నవాళ్ల ముందు డబ్బు మాట ఎత్తడానికి సిగ్గుపడతాం. మళ్లీ వెళ్లినప్పుడు ప్రతి పని పక్కనా "ఇది ఆపితే ఏమవుతుంది?" అని అడిగి, డాక్టర్ చెప్పింది మీ చేత్తోనే రాసుకోండి. ఎక్స్‌రేలు ఫోన్‌లోకి తీసుకోండి. ఇంకో చోట చూపించుకోవాలంటే అవి పనికొస్తాయి.

మీ ఆయన పన్ను సంగతి. వాపు తగ్గింది, నొప్పి కూడా పోయింది, కాబట్టి ఇప్పుడు తొందర లేదంటున్నారని రాశారు. దీనికి మాత్రం నేను గట్టిగా చెబుతాను, ఆగకూడదు. పుచ్చు లోతుకు పోయి నరాన్ని తాకినప్పుడు పన్ను ప్రాణం తీస్తుంది. ఆ నరం చచ్చిపోయాక నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది. పన్ను బాగుపడినట్టు కాదు, వేరు కొస దగ్గర చీము నిశ్శబ్దంగా ఉంటుంది. బిళ్లలు వాపును అణిచాయి గానీ అది పుట్టిన చోటు అలాగే ఉంది. మళ్లీ లేస్తుంది. ఈసారి వాపు గడ్డం కిందికి, మెడలోకి దిగినా, కంటి వైపు పాకినా, నోరు తెరవడం, గుటక వేయడం కష్టమైనా, జ్వరం వచ్చినా క్లినిక్ టైమింగ్స్ చూడకుండా రాత్రయినా సరే రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకుపోండి. అది ప్రాణం మీదికి వచ్చే వాపు. ఇంకో మాట. రాత్రంతా పన్ను పీకి, నిద్ర లేక, పొద్దున్నే రెండు బిళ్లలు మింగి ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి నడపడం ఆయనకే కాదు, వెనక సీటులో కూర్చున్న యాత్రికుల కుటుంబానికీ మంచిది కాదు.

ఆ పన్నుకు రెండు దారులున్నాయి. రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయిస్తే పన్ను నిలబడుతుంది, నమలడానికి పనికొస్తుంది. పీకించేస్తే ఈరోజు ఖర్చు చాలా తక్కువ. కానీ అది నమలడానికి బాగా ఆధారమైన పన్ను. పోయాక పక్క పళ్లు ఆ ఖాళీలోకి వాలుతాయి, పైన దానికి ఎదురుగా ఉన్న పన్ను మెల్లగా కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జో (పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను) ఇంప్లాంటో అని మళ్లీ ఖర్చు వస్తుంది. 40 లోపు వయసు మనిషికి కాపాడుకోవడమే మేలని నా అభిప్రాయం. అయితే జిర్కోనియానే కావాలని లేదు. లోపలి దవడ పన్నుకు మెటల్ క్యాప్ గట్టిగానే పనిచేస్తుంది, బయటికి కనిపించదు. మెటల్ మీద పింగాణీ పూసిన క్యాప్ మధ్యరకం. ఈ మూడింటి రేటూ విడివిడిగా చెప్పమనండి. రూట్ కెనాల్ చేయించి, డబ్బు చాలక క్యాప్ నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం వద్దు. నరం తీసేసిన దవడ పన్ను పెళుసుగా ఉంటుంది. ఏ చెనక్కాయో కొరికినప్పుడు నిలువునా చీలితే పెట్టిన డబ్బంతా పోతుంది.

ఎడమవైపు చిట్టచివరి పన్ను పాడైపోయిందంటే తీసేయాల్సిందే. అక్కడ ఇంప్లాంట్ ఇప్పుడే కావాలా అన్నది వేరే ప్రశ్న. చివరి పన్ను ఒక్కటి లేకుండా హాయిగా తినేవాళ్లు ఎంతోమంది. మనిషి సరిగ్గా తినడానికి, మాట్లాడటానికి కనీసం 20 పళ్లు పనిచేస్తూ ఉంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆగితే నష్టం అసలు లేదని కాదు. పన్ను తీసిన చోట ఎముక కాలం గడిచేకొద్దీ కరుగుతుంది, బాగా ఆలస్యమైతే ఇంప్లాంట్ వేయడం కష్టం కావచ్చు. కానీ ఆ నష్టం కోసం నూటికి మూడు రూపాయల వడ్డీ కట్టాలా? ఈ 30,000 నాకైతే కొట్టేయాల్సిన పద్దులా కనిపిస్తుంది. డాక్టర్ గారిని ఒకసారి అడిగి కొట్టేయండి.

మీరు ఉత్తరంలో విసుగ్గా ఒక మాట రాశారు. "జీతంలో ఈఎస్ఐ అని నెలకు 105 రూపాయలు పట్టుకుంటారు, అదెందుకో మాకు తెలీదు" అని. అమ్మా, మీ అత్యవసర ఖర్చుకు సగం జవాబు ఆ 105 రూపాయల్లోనే ఉంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు జీతంలో 0.75 శాతం పట్టుకుని, దానికి ఓనర్ తరఫున ఇంకో 3.25 శాతం కలిపి కట్టే వైద్య బీమా అది. మీ 14,000కు మీ వాటా సరిగ్గా 105. ఆ కార్డు మీద మీకు, మీ భర్తకు, పాపకు వైద్యం చేయించుకునే హక్కు ఉంది. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. షాపు మేనేజర్‌ను అడిగి మీ ఇన్సూరెన్స్ నంబర్ తీసుకోండి, మీ భర్త పేరు, పాప పేరు అందులో ఎక్కించారో లేదో చూసుకోండి. చాలామందికి కార్డు ఉంటుంది, కుటుంబం పేర్లు ఎక్కించి ఉండవు. ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్తే, అక్కడి డాక్టర్ ఆసుపత్రికి రాసిస్తారు. పన్ను తీయడం, ఫిల్లింగ్, ఇన్ఫెక్షన్‌కు మందులు, వీటికి మీరు బయట డబ్బు పెట్టాల్సిన పని లేదు. రూట్ కెనాల్, క్యాప్ అక్కడ ఎంతవరకు చేస్తారో ఓపీలోనే అడిగేయండి.

రెండో చోటు డెంటల్ కాలేజీ. మీ ఊళ్లోనే రేణిగుంట రోడ్డు వైపు ఉంది. కాలేజీ ఆసుపత్రుల్లో ప్రొఫెసర్లు పక్కన నిలబడి చూస్తుండగా చదువుకునే పిల్లలు వైద్యం చేస్తారు. బయటి క్లినిక్ కంటే ఖర్చు బాగా తక్కువ. "నేర్చుకునే పిల్లల చేతిలో పన్ను పెట్టాలా" అని భయపడతారు చాలామంది. ప్రతి దశలో పెద్ద డాక్టర్ వచ్చి చూసి సరే అంటే గాని పిల్లలు ముందుకు పోరు. కాకపోతే టైమ్ పడుతుంది. ఒక పనికి మూడు నాలుగుసార్లు తిరగాలి, ఒక్కో పూట అక్కడే అయిపోతుంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీయే కావాలంటే కడపలో ఉంది, రేణిగుంట మీదుగా రైలు. కానీ పదేపదే తిరగాల్సిన పనికి అంత దూరం మీకు కలిసిరాదు.

ఇక్కడ ఇంకో లెక్క కూడా వేయండి. మీ ఆయన ఒక పూట బండి తీయకపోతే ఆ రోజు బాడుగ చేతి నుంచి కట్టాలి. ఆయన రూట్ కెనాల్ కాలేజీలో నాలుగు పూటలు పడితే, మిగిలిందనుకున్న డబ్బు ఓనర్‌కు పోతుంది. ఆయనకు ఒకటి రెండు సిట్టింగుల్లో ముగించే క్లినిక్కే చవక కావచ్చు. అత్తగారికి కాలం ఉంది, తోడు ఒకరుంటే చాలు. ఆమెకు కాలేజీ సరిపోతుంది. ఎక్కడ ఫీజు తక్కువో అదే చవక అనుకోకండి, మీ ఇంట్లో ఎవరి పూట విలువ ఎంతో చూసుకోండి.

ఇన్సూరెన్స్ గురించి అడిగారు. ఇప్పుడు పాలసీ తీసుకుని పళ్లకు వాడదామంటే కుదరదు. మామూలు హెల్త్ పాలసీలు పళ్ల వైద్యాన్ని పక్కన పెడతాయి, యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. మీ ఇంటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద కూడా రూట్ కెనాల్‌కు, కట్టుడు పళ్లకు ఆశ పెట్టుకోకండి. దవడ ఎముక విరగడం లాంటి పెద్ద ఆపరేషన్లకు అది అక్కరకొస్తుంది. ఇతర జబ్బుల కోసం పాలసీ తీసుకోవడం మంచిదే, అది వేరే విషయం.

ఇక పాప. మీరు ఆమె గురించి రెండు లైన్లే రాశారు, "పాల పళ్లే కదా, ఊడిపోతాయి" అని ఆయన అంటున్నారట. అందులో సగం నిజం ఉంది. పాల దవడ పళ్లు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య ఊడతాయి. తొమ్మిదేళ్ల పాపకు ఏడాదికో రెండేళ్లకో ఊడిపోయే పన్నుకు ఖరీదైన క్యాప్ అవసరమా అని అడగడంలో తప్పు లేదు. ఎక్స్‌రే చూపించి, కింద ఉన్న అసలు పన్ను ఎంత దూరంలో ఉందో చెప్పమనండి. దగ్గరికి వచ్చేసి ఉంటే మామూలు ఫిల్లింగ్‌తో సరిపెట్టవచ్చు, లేదా తీసేయొచ్చు. దూరంలో ఉంటే ఆ పాల పన్ను కింది పన్నుకు చోటు కాపలా కాస్తున్నట్టు లెక్క. ముందే తీసేస్తే పళ్లు వంకరగా వచ్చి, రేపు క్లిప్పులు అంటూ ఇంకో ఖర్చు వస్తుంది. చిగురు మీద చీము పొక్కు కనిపించినా, రాత్రి నొప్పికి లేచి ఏడ్చినా మాత్రం ఏ లెక్కా చూడకండి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఈరోజు రాత్రి పాపను లైటు కింద కూర్చోబెట్టి, నోరు తెరిపించి, పాల దవడ పళ్ల వెనక అటు చివర ఉన్న పెద్ద పళ్లు చూడండి. పైన రెండు, కింద రెండు. అవి ఆరేళ్లకే వస్తాయి. ఏ పాల పన్నూ ఊడకుండా వెనకాల నిశ్శబ్దంగా మొలుస్తాయి కాబట్టి అమ్మానాన్నలు వాటిని కూడా పాల పళ్లే అనుకుంటారు. కావు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు, పోతే మళ్లీ రావు. వాటి పైభాగంలో గుంటలు, గాడులు ఉంటాయి. నల్లగా గీత కనిపిస్తే ఆ వారమే చూపించండి. బాగుంటే ఆ గాడులు పూడ్చే సీలెంట్ అనే పూత వేస్తారు, డ్రిల్లింగ్ ఉండదు, నొప్పి ఉండదు. ప్రభుత్వ బడి పిల్లలకైతే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే టీమ్ పళ్లు కూడా చూస్తుంది. మీ పాప ప్రైవేట్ స్కూల్ కాబట్టి మీరే చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రాత్రి బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. తీపి పూర్తిగా మాన్పించడం ఎవరి వల్లా కాదు. లడ్డూ అయినా చాక్లెట్ అయినా భోజనంతో పాటు ఒక్కసారి తిననివ్వండి, సాయంత్రమంతా కొంచెం కొంచెం కొరుకుతూ ఉండనివ్వకండి. పన్నును ఎక్కువగా పాడుచేసేది తీపి నోట్లోకి ఎన్నిసార్లు వెళ్లిందన్నదే.

అత్తగారి విషయానికి కావాలనే చివర వస్తున్నాను. తొందరపడాల్సింది లేదని కాదు, జాగ్రత్తగా మాట్లాడాలని. ఆమెకు షుగర్ ఉంది కదా, పళ్లు కదలడానికీ దానికీ సంబంధం ఉంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్లలో చీము ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది. కాబట్టి మొదటి ఖర్చు మూడు నెలల సగటు షుగర్ పరీక్ష. అది చూడకుండా ఏడు పళ్లు ఒకేసారి పీకించడం గానీ, ఇంప్లాంట్లు వేయించడం గానీ వద్దు, గాయం మానడం కష్టమవుతుంది. ఆమె వాడే మందుల స్లిప్పులన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడే బిళ్లలు ఉంటే అవి, పళ్ల డాక్టర్‌కు చూపించండి. ఆకు వక్కతో పాటు పొగాకు కూడా వేస్తారని రాశారు. కాబట్టి పళ్లతో పాటు బుగ్గలు, నాలుక కింద కూడా చూడమనండి. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, రెండు వారాలకు పైగా మానని పుండు ఉంటే అది పళ్ల కంటే ముందు చూడాల్సిన సంగతి.

ఆ తర్వాత సెట్టు. ఇక్కడ ముచ్చటగా మూడు దారులున్నాయి. పూర్తిగా మామూలు కట్టుడు పళ్లు పెట్టించడం మొదటిది, కాలేజీలో అయితే మీ చేతికి అందే ఖర్చు. పై సెట్టు అంగిలికి అతుక్కుని బాగానే నిలుస్తుంది. కింది సెట్టుతో ఇబ్బంది ఉంటుంది, కదులుతుంది, మొదటి వారాల్లో ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. అప్పుడు "నాకొద్దు ఇది" అని డబ్బాలో పడేస్తారు, చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మా నాన్న సెట్టు ఎనిమిది నెలలు గూట్లోనే ఉంది. ఒరుసుకునే చోట అరగదీయించుకోవడానికి మూడుసార్లు తిరిగి వెళ్లాలని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మీరు ముందే అడిగి పెట్టుకోండి. మొదట సంగటి, మెత్తని అన్నంతో అలవాటు చేసి, రాత్రిపూట తీసి నీళ్లలో వేయాలి. రెండో దారి, మామూలు సెట్టుతో ఆరు నెలలు చూసి, కిందిది నిలవకపోతే అప్పుడు రెండు ఇంప్లాంట్లు వేయించి దానికి ఆధారం చేయడం. చాలామందికి కింద రెండు సరిపోతాయి. నాలుగే కావాలా అని అడగండి. మూడోది కాగితంలో ఉన్న 1,20,000 పద్ధతి. సుఖం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, షుగర్ బాగుండాలి, శుభ్రం రోజూ చేసుకోవాలి. ఈ మూడో దారిని నేను చెడ్డదని చెప్పను. ఆడబిడ్డ కూడా సగం వేసుకుంటానంటే, షుగర్ రిపోర్టు బాగుంటే, ఆలోచించదగ్గదే. ఆ సగం మాట అడగాల్సింది మీరు కాదు, మీ ఆయన. తమ్ముడు అక్కతో మాట్లాడితే కుటుంబం మాట అవుతుంది, కోడలు మాట్లాడితే గొడవ అవుతుంది. ఆమె కాదంటే కాస్త దూరం పెరగొచ్చు, దానికీ ఆయన సిద్ధపడే అడగాలి.

కానీ అన్నిటికంటే ముందు, ఎవరూ అత్తగారిని అడగలేదని నాకు అనిపించింది. కొడుకు తన రుణం తీర్చుకోవాలనుకుంటున్నాడు, కూతురు ఊరి మాట గురించి ఆలోచిస్తోంది. ఆమె "నాకెందుకు" అంటున్నది నిజంగా వద్దనా, కొడుకు అప్పులపాలవుతాడన్న భయమా? ఇంట్లో మగవాళ్లు లేనప్పుడు, ఆ ఇనుప రోలు పక్కన కూర్చుని మీరే అడగండి. "అత్తా, నీకు ఏం తినాలనుంది?" అని. ఆపరేషన్ అంటే ఆమెకు భయం ఉందేమో. చెనక్కాయలు, ఒక జామకాయ ముక్క, బంతిలో అందరితో పాటు కూర్చోవడం, ఇంతే కావాలంటే మామూలు సెట్టు ఆమెను అక్కడిదాకా తీసుకుపోవచ్చు. ఆమె నోటితో ఆమె చెప్పిన మాట మీ ఆయన దగ్గర మీ లెక్కలన్నిటికంటే బలంగా పనిచేస్తుంది.

అప్పు సంగతి సూటిగా చెబుతాను. లక్షన్నరకు నూటికి మూడు అంటే నెలకు 4,500 వడ్డీ. మీ జీతంలో మూడో వంతు దాకా దానికే. ఏడాదికి 54,000 కట్టినా అసలు ఒక్క రూపాయి తరగదు. మీ ఆయనతో "అమ్మకు వద్దు" అని మొదలుపెట్టకండి, ఈ లెక్కతో మొదలుపెట్టండి. డబ్బు తప్పనిసరిగా కావాల్సింది 22,500 వరకే, ఈఎస్ఐలో కొంత అయిపోతే ఇంకా తగ్గుతుంది. దానికి చైనులో కొంత భాగం బ్యాంకులో గోల్డ్ లోన్ పెడితే వడ్డీ నూటికి రూపాయి లోపే ఉంటుంది. వాయిదా తప్పితే నగ వేలానికి పోతుంది, అందుకే జీతం పడిన రోజే కట్టేలా పెట్టుకోండి. క్లినిక్‌లో నెలవారీ ఈఎంఐ ఇస్తామంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ఒక నెల తప్పితే ఎంత అని అడిగాకే సంతకం పెట్టండి. జూన్ చీటీని మాత్రం ముట్టుకోవద్దని నా సలహా. అది ఇప్పుడే పాడుకుంటే పాటలో కొంత డబ్బు తగ్గిపోతుంది, జూన్‌లో స్కూల్ ఫీజుకు మళ్లీ అదే మూడు రూపాయల మనిషి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. అత్తగారి సెట్టుకు ఈ నెల నుంచే విడిగా ఒక చిన్న చీటీ మొదలుపెట్టండి. షుగర్ అదుపులోకి వచ్చి, పళ్లు తీసి, చిగుళ్లు మానేసరికి ఎలాగూ నెలలు పడతాయి, ఈలోపు డబ్బు కూడుతుంది.

ఒక విషయం మిగిలింది. ఆరు పేజీల్లో మీ ఆయన పళ్లు, అత్తగారి పళ్లు, పాప పళ్లు అన్నీ ఉన్నాయి. నాలుగో పేజీ అంచున, పెన్ను మార్చి రాసినట్టుంది, "నాకూ కుడివైపు పై పన్ను తీపి తగిలితే జివ్వుమంటుంది, అది తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. కాగితంలో మీ పేరు లేదు, ఎందుకంటే కుర్చీలో మీరు కూర్చోలేదు. తీపికి, చల్లటి నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతోందంటే పుచ్చు ఇంకా నరం దాకా పోలేదన్నమాట. ఇప్పుడు అది ఒక్క ఫిల్లింగ్‌తో పోయే పని. నొప్పి నిమిషాల తరబడి ఉండిపోయినా, రాత్రి నిద్ర లేపినా దశ మారినట్టే. వదిలేస్తే ఏడాది తర్వాత మీ ఆయన పన్నులా మీకూ 13,500 పద్దు రావచ్చు. ఈ ఇంట్లో అన్నిటికంటే తక్కువ డబ్బుతో కాపాడగలిగిన పన్ను ప్రస్తుతం మీదే.

ఈఎస్ఐ కార్డు మీ పేరు మీదే ఉంది. షాపుకు వారాంతపు సెలవు ఏ రోజో ఆ రోజు కాకుండా, డిస్పెన్సరీ తెరిచి ఉండే రోజు చూసి ఒక పూట పర్మిషన్ అడగండి. ఆయనను, పాపను వెంటబెట్టుకుని పోండి. ఓపీ చీటీలు రెండు కాదు, మూడు రాయించండి.